గోవిందవర్మ ఎవరు? హైదరాబాద్ మూసీ ఒడ్డు బండపై 1500 ఏళ్ల నాటి రాజు పేరు.. ఒక్కరా, ఇద్దరా? ఇప్పటికీ తేలని లెక్క

హైదరాబాద్ వయసెంత అని ఎవరినడిగినా వెంటనే వచ్చే జవాబు 1591. మహమ్మద్ కులీ కుతుబ్ షా, చార్మినార్.. కథ అక్కడి నుంచే మొదలవుతుంది. కానీ అదే నగరంలో, అదే మూసీ ఒడ్డున ఒక బండరాయి ఉంది. దానిపై చార్మినార్ కంటే వెయ్యేళ్లకు పైగా పాత అక్షరాలు ఉన్నాయి. ఆ అక్షరాల్లో ఒక రాజు పేరు ఉంది. గోవిందరాజు.

ఈ రాజు ఎవరు? ఎప్పుడు పాలించాడు? తండ్రి ఎవరు? ఆ పేరుతో ఒక్కడే ఉన్నాడా, ఇద్దరున్నారా? వందేళ్లుగా పండితులు లెక్కలు వేస్తూనే ఉన్నారు. కొన్నిటికి గట్టి జవాబు దొరికింది, కొన్నిటికి దొరకలేదు. ఏది రాతి మీద ఉన్న మాట, ఏది ఊహ, ఏది వాట్సాప్ కథ.. ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందుగా ముఖ్యాంశాలు

* హైదరాబాద్ చైతన్యపురి దగ్గర మూసీ ఒడ్డున బ్రాహ్మీ లిపిలో ఒక ప్రాకృత శాసనం ఉంది. అందులో 'గోవిందరాజ విహారం' ప్రస్తావన ఉంది.
* లిపి తీరును బట్టి ఇది క్రీ.శ. 4-5 శతాబ్దాల నాటిదని పండితుల అంచనా.
* ఈ గోవిందరాజే విష్ణుకుండిన వంశానికి చెందిన గోవిందవర్మ అని ఎక్కువ మంది చరిత్రకారుల అభిప్రాయం.
* ఈ వంశం కాలాన్ని గట్టిగా పట్టిచ్చే తేదీ తుమ్మలగూడెం రాగిరేకుల్లో ఉంది. శక సంవత్సరం 488, అంటే క్రీ.శ. 566.
* అయితే గోవిందవర్మ తండ్రి పేరు ఒక శాసనంలో ఒకటి, మరో శాసనంలో మరొకటి. అసలు చిక్కు ఇదే.

బుద్వేల్ నుంచి చైతన్యపురి దాకా

బుద్వేల్ అంటే ఇప్పుడు గుర్తొచ్చేది భూముల ధరలు. 2023 ఆగస్టులో ఇక్కడి 100 ఎకరాలకు హెచ్‌ఎండీఏ వేలం వేస్తే రూ.3,600 కోట్లకు పైగా వచ్చాయి. పక్కనే రాజేంద్రనగర్ పరిధిలో కొత్త హైకోర్టుకు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. ఒకవైపు శంషాబాద్ ఎయిర్‌పోర్టు, ఇంకోవైపు ఔటర్ రింగ్ రోడ్డు. ఎటు చూసినా తవ్వకాలు, క్రేన్లు.

ఈ ప్రాంతానికి పక్కనే హిమాయత్‌సాగర్ ఉంది. అది ఈసీ నదిపై కట్టిన జలాశయం. ఆ ఈసీ కిందికి వెళ్లి లంగర్‌హౌస్ బాపూఘాట్ దగ్గర మూసీలో కలుస్తుంది. అక్కడి నుంచి మూసీ పాతబస్తీని ఒరుసుకుంటూ, చాదర్‌ఘాట్ దాటి తూర్పుగా సాగుతుంది. దిల్‌సుఖ్‌నగర్ వెనకాల చైతన్యపురి దగ్గరికి వచ్చేసరికి ఒడ్డున పెద్ద పెద్ద బండలు కనిపిస్తాయి. అక్కడే కొసగుండ్ల నరసింహస్వామి గుడి. మనం చెప్పుకుంటున్న శాసనం ఆ బండపైనే ఉంది.

మెట్రోలో చైతన్యపురి స్టేషన్ దిగి రోజూ వేల మంది ఆఫీసులకు, కోచింగ్ సెంటర్లకు వెళ్తుంటారు. కాస్త దూరంలో నగరంలోకెల్లా పాత రాత ఉందన్న సంగతి చాలామందికి తెలియదు.

ఒక చిన్న జాగ్రత్త. ఈ శాసనం ఉన్న చోటు ఫణిగిరి కాలనీ. బౌద్ధ శిల్పాలకు పేరుపడ్డ ఫణిగిరి గ్రామం సూర్యాపేట జిల్లాలో ఉంది. రెండూ వేరు. సోషల్ మీడియా పోస్టుల్లో ఈ రెండింటినీ కలిపేస్తుంటారు.

ఇంతకీ ఆ బండపై ఏముంది?

భాష ప్రాకృతం. లిపి బ్రాహ్మీ. అంటే ఇప్పటి తెలుగు లిపికి తాతముత్తాతల నాటి రూపం. ప్రముఖ శాసన పరిశోధకుడు డాక్టర్ పి.వి. పరబ్రహ్మశాస్త్రి దీన్ని చదివి 1980లలో లోకానికి తెలియజేశారు.

ఇందులో గోవిందరాజ విహారం అనే బౌద్ధ విహారం గురించి, దానికి చెందిన భిక్షువుల నివాసం గురించి ఉంది. అంటే ఆ కాలంలో మూసీ ఒడ్డున బౌద్ధ భిక్షువులు ఉండేవారు. వాళ్ల విహారానికి ఒక రాజు పేరు ఉంది. ఇంతవరకు రాతిపై ఉన్న మాట. దీనిలో పెద్దగా వివాదం లేదు.

చిక్కు ఇక్కడ మొదలవుతుంది. బండపై మనకు దొరికే పేరు 'గోవిందరాజు'. 'గోవిందవర్మ' అనే రూపం వేరే చోట్ల దొరికిన రాగిరేకుల్లో ఉంది. ఈ రెండు పేర్లూ ఒకే మనిషివి అని చెప్పింది పండితులు. అందుకు వాళ్లు చూపే కారణాలు మూడు. ఒకటి, లిపి కాలం సరిపోతోంది. రెండు, ఈ ప్రాంతం విష్ణుకుండినుల ఏలుబడిలో ఉంది. మూడు, ఆ వంశపు గోవిందవర్మ బౌద్ధానికి దానాలు చేసినట్టు రాగిరేకులే చెబుతున్నాయి. బలమైన వాదనే. కానీ వాదనే అని గుర్తుంచుకోవాలి.

విష్ణుకుండినులు ఎవరు?

శాతవాహనులు, ఇక్ష్వాకుల తర్వాత, తూర్పు చాళుక్యుల కంటే ముందు తెలుగు నేలను ఏలిన పెద్ద వంశం ఇది. సుమారుగా క్రీ.శ. 5వ శతాబ్దం నుంచి 7వ శతాబ్దం మొదటి వరకు వీళ్ల కాలం. ఇప్పటి తెలంగాణలో కొంత, కోస్తాంధ్రలో చాలా భాగం వీళ్ల చేతిలో ఉండేది.

వంశం పేరు ఎలా వచ్చింది? వినుకొండ పేరునే సంస్కృతంలో విష్ణుకుండి అన్నారని జర్మన్ పండితుడు కీల్‌హార్న్ సూచించారు. చాలామంది ఒప్పుకున్నారు. వీళ్ల శాసనాల్లో శ్రీపర్వతస్వామిని కులదైవంగా చెప్పుకుంటారు.

రాజధాని ఏది అన్నది మరో ప్రశ్న. యాదాద్రి భువనగిరి జిల్లా తుమ్మలగూడెం దగ్గరి ఇంద్రపాలనగరం అంటారు. ఈపూరు రేకుల్లో అమరపురం పేరు వస్తుంది. చిక్కుళ్ల రేకుల్లోని లెందులూరు ఇప్పటి ఏలూరు దగ్గరి దెందులూరు అంటారు. కీసరగుట్ట అనేవాళ్లూ ఉన్నారు. రాజ్యం పెరిగే కొద్దీ రాజధాని మారి ఉండొచ్చు. కాబట్టి వీటన్నిట్లోనూ కొంత నిజం ఉండే అవకాశం ఉంది.

తుమ్మలగూడెం రాగిరేకులు.. కథ మలుపు తిరిగింది ఇక్కడే

1960ల వరకు విష్ణుకుండినుల శాసనాల్లో ఒక్కదానిలో కూడా శక సంవత్సరం దొరకలేదు. అన్నిట్లోనూ 'మా రాజు గద్దెనెక్కిన ఇన్నో ఏడు' అన్న లెక్కే. రాజు ఎప్పుడు గద్దెనెక్కాడో తెలియకపోతే ఆ లెక్క గాలిలో దీపమే.

అప్పుడు రామన్నపేట దగ్గరి తుమ్మలగూడెంలో రెండు జతల రాగిరేకులు వెలుగులోకి వచ్చాయి. చరిత్రకారుడు బి.ఎన్. శాస్త్రి 1965లో 'భారతి' పత్రికలో వీటి గురించి రాశారు. అవి ఏం చెబుతున్నాయంటే..

మొదటి జత: గోవిందవర్మ వేయించినది. ఆయన 37వ పాలనా సంవత్సరంలోనిది. తన రాణి పరమమహాదేవి కట్టించిన బౌద్ధ విహారానికి ఊళ్లు దానం చేసినట్టు ఇందులో ఉంది. ఆయన తండ్రి మాధవవర్మ, తాత ఇంద్రవర్మ.

రెండో జత: విక్రమేంద్ర భట్టారక వర్మ వేయించినది. అదే పరమమహాదేవి విహారానికి మళ్లీ దానం. దీనిలోనే శక సంవత్సరం 488 ఉంది. శకానికి 78 కలిపితే క్రీ.శ. 566. పైగా వంశక్రమం కూడా ఉంది. గోవిందవర్మ కొడుకు మాధవవర్మ, ఆయన కొడుకు విక్రమేంద్రవర్మ, ఆయన కొడుకు ఇంద్రభట్టారకుడు, ఆయన కొడుకు ఈ విక్రమేంద్ర భట్టారకుడు.

ఒకే ఊళ్లో దొరికిన రెండు దానాలు, ఒకే రాణి విహారం. కాబట్టి రెండింట్లోని గోవిందవర్మ ఒకరే అని నమ్మడానికి గట్టి ఆధారం ఉన్నట్టే.

లెక్క మీరే వేయొచ్చు

ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి. 566లో విక్రమేంద్ర భట్టారకుడు గద్దెపై ఉన్నాడు. ఆయన తండ్రి ఇంద్రభట్టారకుడివని చెప్పే రామతీర్థం రేకులు 27వ పాలనా సంవత్సరం నాటివి. అంటే కనీసం 27 ఏళ్లు తీసేయాలి. ముత్తాత మాధవవర్మ మూడు దశాబ్దాలకు పైగా ఏలాడని శాసనాలు చెబుతున్నాయి. కాబట్టి 30 తీసేద్దాం. గోవిందవర్మవి 37.

566 - 27 - 30 - 37 = 472.

మధ్యలో తాత విక్రమేంద్రవర్మ ఎన్నేళ్లు ఏలాడో ఇందులో కలపలేదు. 566 నాటికి మనవడు గద్దెనెక్కి ఎన్నేళ్లయిందో కూడా కలపలేదు. అవి కలిపితే ఇంకా వెనక్కి వెళ్తాం. అంటే గోవిందవర్మ 5వ శతాబ్దం మూడో పాదానికల్లా, బహుశా అంతకంటే ముందే గద్దెపై ఉండాలి. చైతన్యపురి బండ లిపికి పండితులు ఇచ్చిన కాలంతో ఇది సరిపోతోంది. గోవిందరాజే గోవిందవర్మ అన్న వాదనకు బలం వచ్చింది ఇక్కడే.

మరి తేలని చిక్కు ఏంటి?

ఇక పొలమూరు వద్దాం. గోదావరి అవతల, తూర్పుగోదావరి ప్రాంతంలోని ఊరు ఇది. మాధవవర్మ అనే విష్ణుకుండిన రాజు గోదావరి దాటి తూర్పు దేశాన్ని గెలవడానికి వచ్చి, చంద్రగ్రహణం రోజున ఈ ఊరిని శివశర్మ అనే బ్రాహ్మణుడికి దానమిచ్చాడు. ఆ రాగిరేకుల్లో కూడా మాధవవర్మ తండ్రి గోవిందవర్మే. కానీ గోవిందవర్మ తండ్రి పేరు విక్రమహేంద్రుడు.

గమనించారా? తుమ్మలగూడెంలో గోవిందవర్మ తండ్రి మాధవవర్మ. పొలమూరులో గోవిందవర్మ తండ్రి విక్రమహేంద్రుడు. ఒకే మనిషికి ఇద్దరు తండ్రులు ఉండరు కదా. అయితే ఇద్దరు గోవిందవర్మలు ఉండాలి. లేదా విక్రమహేంద్రుడు అన్నది మాధవవర్మ బిరుదు అయి ఉండాలి.

ఇక్కడితో అయిపోలేదు. అదే పొలమూరులో ఇంకో రాగిరేకుల జత ఉంది. అది తూర్పు చాళుక్య రాజు మొదటి జయసింహవల్లభుడిది. ఆయన కాలం 7వ శతాబ్దం మధ్యభాగం. శివశర్మకు మాధవవర్మ ఇచ్చిన అదే ఊరిని జయసింహుడు శివశర్మ కొడుకు రుద్రశర్మకు మళ్లీ ఇచ్చాడు.

తండ్రికి మాధవవర్మ ఇచ్చాడు, కొడుకుకు జయసింహుడు ఇచ్చాడు. అంటే ఇద్దరు రాజుల మధ్య ఒక తరం తేడానే ఉండాలి. ఈ లెక్కన పొలమూరు మాధవవర్మ 7వ శతాబ్దం మొదట్లోకి వస్తాడు. కానీ తుమ్మలగూడెం లెక్క ప్రకారం గోవిందవర్మ కొడుకు మాధవవర్మకు 566లోనే ముని మనవడు రాజుగా ఉన్నాడు! రెండు లెక్కలకూ వందేళ్లకు పైగా తేడా.

అయితే ఇద్దరూ వేర్వేరు మాధవవర్మలు అందామా? దానికీ అడ్డు ఉంది. చిక్కుళ్ల రేకుల్లో విక్రమేంద్రుడి ముత్తాత మాధవవర్మ పదకొండు అశ్వమేధాలు, వెయ్యి క్రతువులు చేశాడని ఉంది. పొలమూరు మాధవవర్మ గురించీ అదే మాట. ఈపూరులో దొరికిన గోవిందవర్మ కొడుకు మాధవవర్మ రేకుల్లోనూ అదే మాట. ఒకే వంశంలో, ఒకే పేరున్న ఇద్దరు రాజులు, ఇద్దరి తండ్రి పేరూ గోవిందవర్మే, ఇద్దరూ సరిగ్గా పదకొండేసి అశ్వమేధాలు చేశారా? నమ్మడం కష్టం.

పండితులు ఎలా విడిపోయారు?

ప్రధానంగా రెండు దారులు ఉన్నాయి.

మొదటి దారి: ఇద్దరు గోవిందవర్మలు. 5వ శతాబ్దంలో ఒకరు, 6వ శతాబ్దం రెండో భాగంలో మరొకరు. తాతల పేర్లు మనవళ్లకు పెట్టడం మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్న అలవాటే కదా. పేర్లతో పాటు బిరుదులు కూడా తర్వాతివాళ్లు తగిలించుకుని ఉండొచ్చు. ఇలా చేస్తే పొలమూరు తండ్రీకొడుకుల లెక్క సరిపోతుంది. కానీ మాధవవర్మల సంఖ్య మూడుకు, నాలుగుకు పెరుగుతుంది.

రెండో దారి: ఒక్కడే గోవిందవర్మ, ఆయన కొడుకు ఒక్కడే అశ్వమేధాల మాధవవర్మ. పొలమూరు రెండో దానంలోని సంబంధాన్ని వేరే రకంగా అర్థం చేసుకోవాలి. ఇలా చేస్తే రాజుల సంఖ్య తగ్గి వంశవృక్షం తేలికవుతుంది. కానీ రాగిరేకు మీద ఉన్న 'కొడుకు' అన్న మాటను సర్దుకోవాల్సి వస్తుంది.

చంద్రగ్రహణం సంగతేంటి, దానితో తేదీ తేలదా అని మీకు సందేహం రావొచ్చు. చంద్రగ్రహణాలు మళ్లీ మళ్లీ వస్తాయి. ఏ శతాబ్దమో ముందే తెలిస్తే ఆ నెలలో వచ్చిన గ్రహణాన్ని పట్టుకోవచ్చు. శతాబ్దమే తెలియనప్పుడు గ్రహణం ఒక్కటే దారి చూపదు. అందుకే ఒక్కో పండితుడు ఒక్కో ఏడాది చెప్పాడు.

1977లో ఎస్. శంకరనారాయణన్ ఈ వంశంపై పూర్తి పుస్తకమే రాశారు. ఆ తర్వాత కూడా చర్చ ఆగలేదు. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు ఇది గమనించాలి. ఒక గైడులో మాధవవర్మ రెండో వాడు, ఇంకో గైడులో నాలుగో వాడు అని ఉంటే అది అచ్చుతప్పు కాకపోవచ్చు. ఎవరి వంశవృక్షం పట్టుకున్నారో దాన్ని బట్టి నంబరు మారుతుంది. రాజులు తమ శాసనాల్లో ఒకటో, రెండో అని రాసుకోలేదు. ఆ అంకెలు మనం పెట్టినవి.

శాసనాలు ఎందుకు ఇలా తికమక పెడతాయి?

రాగిరేకు అంటే ఆ రోజుల్లో రిజిస్ట్రేషన్ కాగితం. భూమి ఎవరికి, ఎక్కడ, పన్ను ఉందా లేదా.. అది దాని పని. రాజు తాతముత్తాతల పొగడ్త దానికి ముందుమాట. చరిత్ర పుస్తకం రాస్తున్నామని వాళ్లు అనుకోలేదు. ఎక్కడ తండ్రి పేరు చాలు అనుకుంటే అక్కడ ఆపేశారు. ఎక్కడ బిరుదు బాగుంటుందనుకుంటే అసలు పేరు వదిలేసి బిరుదు వేశారు.

రేకులు ఒక ఉంగరానికి గుచ్చి, దానిపై రాజముద్ర వేసి ఇచ్చేవారు. కుటుంబాలు వాటిని తరతరాలు దాచుకున్నాయి. రాజ్యం మారితే కొత్త రాజు దగ్గర మళ్లీ రాయించుకున్నాయి. పొలమూరులో జరిగింది అదే. ఇప్పుడు కూడా ప్రభుత్వం మారితే పాసుపుస్తకం కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం లేదా?

ఇక ఎన్నో రేకులు రాగి కోసం కరిగిపోయి ఉంటాయి. మిగిలిన కొన్నిటితోనే మనం రెండు వందల ఏళ్ల చరిత్ర కట్టాలి. కొత్తగా ఒక్క జత దొరికినా మొత్తం వరస మారిపోవచ్చు. 1965లో జరిగింది అదే. అంతకుముందు మాధవవర్మను 6వ శతాబ్దం చివర, 7వ శతాబ్దం మొదట పెట్టినవాళ్లు ఎందరో ఉన్నారు. ఒక్క 488 అంకెతో ఆ లెక్కలన్నీ మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది.

జపాన్‌లోనూ ఇదే కథ

ఇది మన ఒక్కరి సమస్య కాదు. సరిగ్గా గోవిందవర్మ కాలంలోనే, 5వ శతాబ్దంలో, జపాన్‌ను ఏలినట్టు చెప్పే యూర్యాకు చక్రవర్తి సంగతి చూడండి. ఆయన గురించి రాసిన గ్రంథాలు కొజికి 712లో, నిహోన్ షోకి 720లో వచ్చాయి. అంటే ఆయన తర్వాత రెండు వందల ఏళ్లకు పైగా గడిచాక. అందులో ఏది నిజం, ఏది కల్పన?

1968లో సైతామా ప్రాంతంలోని ఇనారియామా అనే పాత సమాధి దిబ్బను తవ్వితే ఒక ఇనుప కత్తి దొరికింది. తుప్పు పట్టి ఉంది. పదేళ్ల తర్వాత, 1978లో ఎక్స్‌రే తీస్తే దానిపై బంగారంతో పొదిగిన 115 అక్షరాలు కనిపించాయి. అందులో 'వకతకేరు' అనే రాజు పేరు ఉంది. అది యూర్యాకు పేరేనని ఎక్కువ మంది పండితులు అంటున్నారు.

కానీ అక్కడ కూడా తేదీ చిక్కే. ఆ కత్తిపై ఉన్న సంవత్సరం మన ప్రభవ, విభవల్లా అరవై ఏళ్లకోసారి తిరిగి వచ్చే పేరు. అది 471 కావొచ్చు, 531 కావొచ్చు. ఎక్కువ మంది 471 వైపు ఉన్నారు.

అక్కడ కత్తి మీద ఒక పేరు, ఇక్కడ బండ మీద ఒక పేరు. రెండు చోట్లా పేరు గట్టిది. ఆ పేరు ఫలానా రాజుదే అనడం మాత్రం అంచనా. తేడా ఏంటంటే ఆ కత్తి జపాన్‌లో జాతీయ సంపద. దాన్ని మ్యూజియంలో అద్దాల వెనక భద్రంగా పెట్టారు.

బౌద్ధుడా? వైదికుడా?

గోవిందవర్మ రాగిరేకుల్లో బుద్ధుడి పట్ల భక్తి స్పష్టంగా కనిపిస్తుంది. రాణి విహారం కట్టించింది, రాజు ఊళ్లిచ్చాడు. కానీ ఆయన కొడుకు మాధవవర్మ అశ్వమేధాలు చేసిన వైదికుడు. ఆ తర్వాత మునిమనవడి కొడుకు విక్రమేంద్ర భట్టారకుడు మళ్లీ అదే బౌద్ధ విహారానికి దానం చేశాడు.

దీన్ని బట్టి ఒక మతం పోయి మరొకటి వచ్చేసింది అని తేల్చేయడం తొందరపాటు. ఒకే కుటుంబం నూరేళ్ల వ్యవధిలో యాగాలూ చేసింది, విహారాన్నీ నిలబెట్టింది. ముత్తాత తల్లి పేరున్న విహారాన్ని ఆ ఇంటివాళ్లు వదులుకోలేదు.

విజయవాడలో మాధవవర్మ కథ అందరికీ తెలుసు. రాజకుమారుడి రథం కింద పడి ఒక పిల్లవాడు చనిపోతే, రాజు సొంత కొడుక్కే మరణశిక్ష వేశాడని, కనకదుర్గమ్మ బంగారు వాన కురిపించిందని చెబుతారు. ఆ మాధవవర్మ విష్ణుకుండిన రాజే అని కొందరంటారు. ఇది జనం నోట నిలిచిన కథ. పేరు కలిసింది కాబట్టి మనిషి కూడా ఆయనే అని చెప్పలేం.

కీసరగుట్ట చెప్పే సాక్ష్యం

హైదరాబాద్‌కు అటువైపు, మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలోని కీసరగుట్టపై పురావస్తు శాఖ తవ్వకాల్లో ఇటుక కట్టడాలు, కోట గోడ ఆనవాళ్లు, విష్ణుకుండినుల నాణేలు బయటపడ్డాయి. అక్కడే ఒక గుండుపై 'తొలుచువాండ్రు' అని చెక్కి ఉంది. అంటే రాళ్లు తొలిచేవాళ్లు. తెలుగులో దొరికిన పాత రాతల్లో ఇదొకటి.

ఒక్కసారి ఆలోచించండి. రాజుల పేర్లు, తండ్రుల పేర్ల దగ్గర మనం కొట్టుకుంటున్నాం. ఆ రాళ్లు తొలిచిన పనివాళ్లు మాత్రం తమ ఉనికిని తెలుగులో, ఏ సందేహానికీ చోటు లేకుండా చెప్పి వెళ్లారు.

కీసర, తుమ్మలగూడెం, చైతన్యపురి.. ఈ మూడింటినీ మ్యాప్‌లో కలిపితే ఇప్పటి హైదరాబాద్ చుట్టుపక్కల 5-6 శతాబ్దాల్లో ఒక రాజ్యం, దాని విహారాలు, గుళ్లు ఉన్నాయన్నది స్పష్టం. గోవిందవర్మ ఒకరా ఇద్దరా అన్నది తేలకపోయినా ఈ మాట మారదు.

సోషల్ మీడియాలో తిరిగే మాటలు.. ఏది ఎంత నిజం?

'హైదరాబాద్‌ను కట్టింది గోవిందవర్మ': ఆధారం లేదు. మూసీ ఒడ్డున ఆ పేరుతో విహారం ఉందని మాత్రమే శాసనం చెబుతోంది. విహారం ఉంటే నగరం ఉన్నట్టు కాదు.

'1591కి ముందు ఇక్కడ ఏమీ లేదు': ఇదీ తప్పే. ఆ బండే సాక్ష్యం.

'బుద్వేల్ పేరు బుద్ధుడి నుంచే వచ్చింది': వినడానికి దగ్గరగా ఉంటుంది. కానీ శబ్దం కలిసినంత మాత్రాన చరిత్ర కాదు. పాత శాసనంలోనో, పాత రికార్డులోనో ఆ ఊరి పేరు దొరికితే అప్పుడు మాట్లాడాలి.

'గోవిందవర్మ ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం వరకు పాలించాడు': పుస్తకాల్లో, వెబ్‌సైట్లలో కనిపించే ఆ అంకెలన్నీ అంచనాలే. గట్టిగా నిలిచే అంకె ఒక్కటే, ఆయన మునిమనవడి కొడుకు శాసనంలోని శక 488.

ఇప్పుడు ఇదంతా ఎందుకు?

ఎందుకంటే సమాధానం ఇంకా భూమిలోనే ఉండొచ్చు. ఇద్దరు గోవిందవర్మలా, ఒక్కరా అన్నది పుస్తకాలు తిరగేస్తే తేలదు. ఇంకో రాగిరేకు, ఇంకో బండ దొరికితే తేలుతుంది. తుమ్మలగూడెం రేకులు దొరకకపోయి ఉంటే, లేదా దొరికినవాళ్లు వాటిని రాగి ధరకు అమ్మేసి ఉంటే ఆ 488 మనకు తెలిసేదే కాదు.

మూసీ, ఈసీ పరీవాహకంలో ఇప్పుడు జరుగుతున్నన్ని తవ్వకాలు బహుశా ఎప్పుడూ జరగలేదు. బుద్వేల్, రాజేంద్రనగర్, శంషాబాద్ చుట్టూ గుట్టలు కరిగిపోతున్నాయి. బండలు బ్లాస్టింగ్‌లో పోతున్నాయి. ఒక బండ పేలిస్తే కంకర వస్తుంది. దానిపై నాలుగు అక్షరాలు ఉంటే, అవి మళ్లీ రావు.

మీకు దొరికితే ఏం చేయాలి?

* బండపై పాత అక్షరాలు కనిపిస్తే ముందు ఫొటో, వీడియో తీయండి. లొకేషన్ సేవ్ చేసుకోండి.
* అక్షరాలు బాగా కనబడాలని సున్నం, పెయింట్, పసుపు పూయొద్దు. గీకొద్దు. లిపి చెడిపోతే కాలం చెప్పడం కష్టం.
* రాష్ట్ర వారసత్వ శాఖకు, లేదా తహసీల్దార్ ఆఫీసుకు చెప్పండి. శాసనాలు చదవడానికి కేంద్ర పురావస్తు శాఖకు మైసూరులో ప్రత్యేక విభాగమే ఉంది.
* భూమిలో రాగిరేకులు, నాణేలు, నగలు దొరికితే 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం కలెక్టర్‌కు తెలియజేయాలి. దాచుకోవడం, అమ్మడం నేరం.
* వారసత్వ కట్టడాల రక్షణకు తెలంగాణలో 2017 నాటి హెరిటేజ్ చట్టం ఉంది. స్థానికంగా ఫిర్యాదు ఇచ్చేటప్పుడు దాన్ని ప్రస్తావించొచ్చు.

చివరిగా..

గోవిందవర్మ తండ్రి మాధవవర్మా, విక్రమహేంద్రుడా? ఈ రోజుకు తేలని ప్రశ్న. ఆయన కాలం 5వ శతాబ్దం అన్నది చాలావరకు నిలబడే అంచనా. మూసీ ఒడ్డున గోవిందరాజ విహారం ఉందన్నది మాత్రం రాతి మీద మాట.

ఈసారి చైతన్యపురి వైపు వెళ్తే కొసగుండ్ల నరసింహస్వామి గుడి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. పిల్లలు వెంట ఉంటే ఆ బండ చూపించండి. చెయ్యి మాత్రం పెట్టనివ్వకండి.